పగలని అద్దం

"గోటితో పోయేదానికి గొడ్డలెందుకయ్యా అని ఊళ్లో అందరూ ఆ మేస్త్రీకి చెప్పారు," అన్నాడు ఇన్‌స్పెక్టరు, కుర్చీలో వెనక్కి వాలి. "ఇంజన్ చెడితే ఎవడైనా బానెట్ ఎత్తి బాగుచేస్తాడు. ఈ మహానుభావుడు బండికి క్యాబిన్ మొత్తం ఊడదీసి, లిఫ్టు మీద పైకెత్తి, అప్పుడు ఇంజన్ మీద చెయ్యి వేస్తాడు. ఎత్తిన క్యాబిన్ వాడి మీదే పడి చచ్చాడు. పడేసింది బావమరిది. కేసు అయిపోయింది పెద్దాయనా. వచ్చిన దారినే మీరు వెళ్లొచ్చు."

కేసు అయిపోయిందని ఈయన అన్నప్పుడల్లా ప్రైవేటు డిటెక్టివుగా నాకు పని మొదలవుతుంది. ఇంతకుముందు రెండుసార్లు అలాగే మొదలైంది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లని ఆయన కోర్టులో వాదించాడు, నాలుగో కాలు నేను చూపించాను, రెండుసార్లూ. అప్పట్నుంచీ నేను కనిపిస్తే ఆయనకి పంటి కింద రాయి పడ్డట్టుంటుంది. నాకూ ఆయనంటే ప్రేమేమీ లేదు.

ఈసారి నన్ను పిలిచింది చచ్చిపోయిన మెకానిక్ భార్య. నిన్న సాయంత్రం మొగుడు పోయాడు, చీకటి పడేలోపు తమ్ముణ్ణి పోలీసులు పట్టుకుపోయారు. పొద్దున్నే నా గుమ్మంలో నిలబడి, ఏడవకుండా, చెప్పాల్సింది చెప్పింది. "మా తమ్ముడు చీమకి కూడా హాని చెయ్యడు సార్. లిఫ్టే పాడై క్యాబిన్ జారి ఉంటుంది. మీలాంటి వాళ్లు చూసి చెప్తే వింటారు." నేను ఒప్పుకున్నాను. అక్క ఉన్నవాడు అదృష్టవంతుడు అనుకున్నాను కూడా.

"హత్య కేసేనా?" అన్నాను.

"హత్యే. ఉరి పడకపోతే వాడి అదృష్టం." ఇన్‌స్పెక్టరు వేళ్లు మడిచాడు. "పొద్దున బావా బావమరుదులు వీధంతా వినేలా తిట్టుకున్నారు. మూడింటికి వీడు షెడ్డులోంచి బయటికి పోయానంటాడు, చూసినవాడు లేడు. నాలుగింటికి చావుకేక. నాలుగున్నరకి ఆ పికప్ ఓనరు బండి కోసం వచ్చి చూస్తే క్యాబిన్ కింద శవం. పాపం ఆ ఓనరే లిఫ్టు బటన్ నొక్కి క్యాబిన్ పైకెత్తి, కింద స్టాండ్లు పెట్టి, మమ్మల్ని పిలిచాడు. ఇంకేం కావాలి మీకు? ఇదిగో, ఆయుధం కూడా ఉంది."

బల్ల మీదకి ఒక ప్లాస్టిక్ సంచీ తోశాడు. సీలు వేసి ఉంది. లోపల జానెడున్నర పొడవున్న రెండు ఇనపచువ్వలు. పెద్ద బోల్టులకి తలలు కోసేసి, కొసలు పెన్సిలులా నున్నగా అరగదీశారు.

"ముందు వీటితో కొట్టాడు. తర్వాత క్యాబిన్ పడేశాడు."

"ఎక్కడ దొరికాయి?"

"బండి కింది చట్రం, ఛాసిస్ మీద. క్యాబిన్ బోల్టులు బిగించే రంధ్రాలుంటాయే, ముందువైపు రెండింట్లో దోపి దాచాడు."

"నిలబెట్టా?"

"ఆ, నిలబెట్టే."

"పట్టపగలు, అందరికీ కనపడేలా నిటారుగా నిలబెట్టి దాచాడు. బాగుంది. శవానికి చువ్వ దెబ్బ ఉందా?"

ఇన్‌స్పెక్టరు మొహం గంటు పెట్టుకున్నాడు. "పోస్టుమార్టం రానివ్వండి."

"రాకముందే ఆయుధం వచ్చేసిందన్నమాట. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టు."

పక్కనున్న కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. అది నాకు మేలే చేసింది. కోపం వస్తే ఇన్‌స్పెక్టరుకి పంతం వస్తుంది, పంతం వస్తే తప్పు చేస్తాడు. "సరే, మీ సరదా ఎందుకు కాదనాలి," అన్నాడు. "వాడితో పది నిమిషాలు మాట్లాడండి. తర్వాత ఈ దగ్గుల నాయుణ్ణి వెంటబెట్టుకుని షెడ్డుకి పోండి. ఒక్క గంట. ఏదైనా ముట్టుకున్నారో, మీకూ లోపల చోటుంది."

బావమరిది లాకప్‌లో గోడకి ఆనుకుని కూర్చున్నాడు. పాతికేళ్లు దాటినవాడు, మంచి ఒడ్డూ పొడుగూ. మణికట్టు దగ్గర నా పిడికిలంత లావు. గ్రీజు గోళ్లలోకి ఇంకి నల్లబడింది. నేను ఎవరో, ఎవరు పంపారో చెప్పాను. అక్క మాట ఎత్తగానే మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"ముందు నాకొకటి చెప్పు. అసలు క్యాబిన్ ఎందుకు తియ్యడం?"

హత్య గురించి అడుగుతాననుకున్నవాడు ఈ ప్రశ్నకి కాస్త తేరుకున్నాడు. పని గురించి అడిగితే పనివాడు మాట్లాడకుండా ఉండలేడు. "ఆ పికప్‌కి ఇంజన్ వెనక సగం క్యాబిన్ కిందకి దూరి ఉంటుంది సార్. బానెట్‌లోంచి వెనక బోల్టులు అందవు. చూడకుండా చేతులు కోసుకుంటూ విప్పాలి, మళ్లీ చూడకుండానే బిగించాలి. క్యాబిన్ తీసేస్తే ఇంజన్ బల్ల మీద పెట్టినట్టు ఉంటుంది. చుట్టూ తిరుగుతూ చెయ్యొచ్చు. వైర్లు, బ్రేకు పైపులు, స్టీరింగు రాడ్డు విప్పి, ఆరు బోల్టులు తీస్తే అంతే. ఈ చుట్టుపక్కల అలా చేసేది మా బావొక్కడే. తలలు తీసే మేస్త్రీ అంటారు."

"మరి గొడవ దేనికి?"

"దించడానికి."

"అంటే?"

"ఇక మీదట క్యాబిన్ దించడం నువ్వు నేర్చుకో అన్నాడు బావ. నా వల్ల కాదన్నాను. ఎత్తడం సులువు సార్, బటన్ నొక్కితే లేస్తుంది. దించడమే కష్టం. ఆరు రంధ్రాలూ ఆరు రబ్బరు బుష్షుల మీద కూర్చోవాలి. వేలెడు తేడా వస్తే బుష్షు చిట్లుతుంది, క్యాబిన్ మెలిక పడుతుంది, ముందద్దం పగులుతుంది. నాది బండ చెయ్యి. ఒకసారి దించితే అద్దం పగిలింది, ఆ తర్వాత మళ్లీ దించే లివరు ముట్టుకోలేదు. పొద్దున ఆ మాట మీదే అరుచుకున్నాం. మధ్యాహ్నం ఇంజన్ మూసేశాక మళ్లీ అదే మాట. దించరా అన్నాడు. స్పానరు నేలకేసి కొట్టి బయటికొచ్చేశాను. కాలవగట్టు మీద కూర్చున్నాను. అంతే."

"ఆ తల కోసిన బోల్టులు?"

"దారి చూపడానికి. దించేముందు ముందు రంధ్రాల్లో నిలబెడతాం. క్యాబిన్ వాటి వెంట జారుతూ దిగితే రంధ్రాలు కలుస్తాయి. బావే చేశాడు."

"మరి ఇన్నాళ్లూ దించింది ఎవరు?"

"బావే."

"ఒక్కడేనా? లివరు దగ్గర ఒకరు, చువ్వల దగ్గర ఒకరు ఉండొద్దా?"

సరిగ్గా అక్కడ వాడి నోరు మూతపడింది. చేతిలో మంచినీళ్ల గ్లాసు వణికి నీళ్లు చొక్కా మీద పడ్డాయి. మళ్లీ అడిగాను. నా మొహంలోకి చూశాడు, ఆ చూపులో భయం ఉంది. "వద్దు సార్. ఇక వదిలెయ్యండి. మీరు షెడ్డుకి పోవద్దు. మా అక్కకి నేనే చెప్పానని చెప్పండి, ఏ డిటెక్టివులూ వద్దని."

ఉరికి భయపడుతున్నాడనుకున్నాను. ముప్పై ఏళ్లుగా మనుషుల మొహాలు చదువుతూ బతుకుతున్నవాణ్ణి, అలా అనుకున్నాను.

షెడ్డు ఎదురుగా పంక్చర్లు వేసే ముసలాయన ఉన్నాడు. కానిస్టేబుల్ తాళం తీసేలోపు ఆయన్ని రెండు మాటలు అడిగాను. నాలుగింటికి షట్టరు సగం దించి ఉందన్నాడు. కేక విన్నానన్నాడు.

"కేకకి ముందు దబ్బుమని చప్పుడు?"

"చప్పుడేం లేదు బాబూ. కేకే. ఏదో అన్నాడు, తర్వాత అరిచాడు. మేస్త్రీ ఎప్పుడూ ఎవర్నో ఒకర్ని అరుస్తూనే ఉంటాడు కదా అని నేను పట్టించుకోలేదు." ఆయన కళ్లు తుడుచుకున్నాడు. పట్టించుకోనందుకు ఇప్పుడు బాధపడుతున్నాడు. బతికుండగా బాధపడితే పనికొచ్చేది.

అర టన్ను ఇనుము మీద పడితే వీధికి వినపడదా? ఆ ప్రశ్న పట్టుకుని, సగమే లేచిన షట్టరు కింద నుంచి లోపలికి వెళ్లాను.

షెడ్డు చిన్నదే గానీ శుభ్రంగా ఉంది. మధ్యలో రెండు ఇనప స్తంభాల లిఫ్టు. దాని నాలుగు చేతుల మీద పికప్ క్యాబిన్, బానెట్‌తో సహా, నా భుజాల ఎత్తులో నిలబడి ఉంది. కింద నాలుగు స్టాండ్లు. ఆ కింద ఒంటరిగా ఛాసిస్, దాని మీద ఇంజన్. అన్ని పైపులూ బిగించి, నూనె తుడిచి, పెళ్లికి తయారుచేసినట్టు ఉంది. పని అయిపోయిన ఇంజన్. కుడివైపు ఛాసిస్ పట్టీ మీద మాత్రం ఎండిన రక్తం. మేస్త్రీ ఛాతీ అక్కడ చిక్కుకుంది.

ముందద్దం చూశాను. ఒక్క బీట లేదు. టార్చి వేసి మూలమూలా వెతికాను. లేదు. ఆరు రబ్బరు బుష్షుల మీద వేలు పెట్టి తడిమాను, ఒక్కటీ చిట్లలేదు. హెడ్‌లైట్లు బాగున్నాయి. లోపల స్టీరింగు చక్రం తిరగకుండా సీటు బెల్టుతో కట్టిన ముడి కూడా వదులు కాలేదు. ముడి వేసిన మనిషి జాగ్రత్త చూస్తే ముచ్చటేసింది. అంత జాగ్రత్తపరుడు తన ఛాతీని జాగ్రత్త చేసుకోలేకపోయాడు.

"ఏమయ్యా," అన్నాను కానిస్టేబుల్‌తో. "పడిన క్యాబిన్ ఇలా ఉంటుందా?"

అతను బుర్ర గోక్కున్నాడు. "పడలేదంటారా సార్?"

"మీ ఇన్‌స్పెక్టరు బల్ల మీద చువ్వలు చూశావుగా. ఎక్కడైనా వంగాయా? క్యాబిన్ పడితే అవి కొడవళ్లలా వంగిపోవాలి. ఇది పడలేదు. దిగింది. పద్ధతిగా, మెల్లగా, చువ్వల వెంటే దిగింది."

వెనక ఇనప మెట్లు కిర్రుమన్నాయి. షెడ్డు లోపల్నుంచే మేడ మీది ఇంటికి మెట్లున్నాయి. మెకానిక్ భార్య సగం మెట్ల మీద నిలబడి ఉంది.

"లిఫ్టు పాడైందని తేలిందా సార్?"

"ఇప్పుడు తేలుస్తానమ్మా. నాలుగింటికి మీరు ఎక్కడున్నారు?"

"పైనే. తలనొప్పిగా ఉండి పడుకున్నాను."

"కేక వినపడలేదా?"

"ఫ్యాను చప్పుడు సార్. ఆ బండి ఓనరు అరిస్తే దిగొచ్చాను."

వీధికి అవతల ముసలాయనకి వినపడింది నెత్తి కిందే ఉన్న మనిషికి వినపడలేదు. ఆ సంగతి నాకు తట్టలేదని కాదు. తట్టింది. కానీ నిన్న మొగుడు పోయిన మనిషిని ఇంకెంత అడుగుతాంలే అని పక్కన పెట్టాను. మర్యాద ఒక్కోసారి గుడ్డితనానికి అందమైన పేరు.

స్తంభం దగ్గర లివరు ఉంది. స్టాండ్లు తీయించి, లాకు విడిపించి కానిస్టేబుల్‌ని నొక్కమన్నాను. "ఇన్‌స్పెక్టరు గారు ముట్టుకోవద్దన్నారు కదా సార్," అన్నాడు. ముట్టుకోవద్దన్నది నన్ను, నిన్ను కాదు అన్నాను. అతను నొక్కాడు, క్యాబిన్ దిగసాగింది. వదలమన్నాను, టక్కున ఆగింది. మళ్లీ నొక్కాడు, దిగింది. వదిలాడు, ఆగింది. పైపుల్లో చుక్క నూనె కారడం లేదు. లిఫ్టుకి ఏ జబ్బూ లేదు. నొక్కి పట్టుకుంటేనే దిగుతుంది, చెయ్యి తీస్తే చాలు ఆగిపోతుంది.

అంటే నిన్న లివరు మీద ఒక చెయ్యి ఉంది. కింద మనిషి అరుస్తున్నా అది తియ్యలేదు.

తమ్ముణ్ణి ప్రమాదం పేరుతో బయటికి లాగుదామని వచ్చాను. ప్రమాదం కాదని నా చేత్తో నేనే తేల్చాను. ఇన్‌స్పెక్టరు అన్న హత్య నిజమే, ఆయన చెప్పిన పద్ధతే అబద్ధం. ఇక ఆ బావమరిదికి మిగిలింది ఒక్కటే, వాడి బండ చెయ్యి. ఆ చెయ్యి దించితే అద్దం పగలాలి. పగల్లేదు. మరి ఎవరి చెయ్యి? మేస్త్రీ ఒక్కడే చెయ్యి సాచి లివరు నొక్కుతూ, కింద తల పెట్టగలడా? అది తేలాలి.

గోడకి వెనక రంధ్రాల కోసం చేసిన మరో జత చువ్వలు వేలాడుతున్నాయి. వాటిని ముందు రంధ్రాల్లో నిలబెట్టాను. లివరు నుంచి చువ్వల దాకా అడుగులు వేసి చూశాను. చెయ్యి సాచినా సగం దూరం కూడా అందదు. అయినా ఆ కంతలోకి చువ్వ ఎలా దూరుతుందో కళ్లారా చూడాలనిపించింది. మేస్త్రీ నిలబడ్డ చోటే నిలబడి, ఛాసిస్ మీదకి వంగి, క్యాబిన్ కిందకి తల పెట్టాను.

"మెల్లగా దించవయ్యా."

దగ్గుల నాయుడు మెల్లగా అంటే ఏమిటో ఎప్పుడూ నేర్చుకోలేదు. క్యాబిన్ గతుక్కుమని దిగింది, ఊగింది, మళ్లీ గతుక్కుమంది. చువ్వ కంత అంచుని గీకింది. పైన ఎక్కడో అద్దం కీచుమంది.

"ఆపండి!" అన్న అరుపుకి నేనే ఉలిక్కిపడ్డాను. ఆమె మెట్లు దిగి వస్తోంది, రావడం కూడా కాదు, పరుగు. "అలా నొక్కితే బుష్షు పోతుంది. తియ్యన్నా చెయ్యి. తియ్యి!"

అప్పుడే కానిస్టేబుల్ జేబులో ఫోను మోగింది. స్టేషను నుంచి. బతుకుజీవుడా అని అతను లివరు ఆమెకి వదిలేసి షట్టరు కింద నుంచి దూరి వీధిలోకి వెళ్లాడు.

క్యాబిన్ మళ్లీ కదిలింది. ఈసారి గతుకు లేదు, ఊగడం లేదు. పొద్దువాలేటప్పుడు నీడ జరిగినట్టు దిగుతోంది. ఒక చిన్న తాకుడు, ఆగింది. ఎడమ పక్క వెంట్రుకవాసి సర్దుకుంది. ఇంకో తాకుడు. రెండు చువ్వలూ రెండు కంతల్లోకి అంచు తాకకుండా దూరాయి. నేను 'ఆపు' అనలేదు, 'దించు' అనలేదు. ఆమెకి నా మాట అక్కర్లేదు. చెవితోనే దించుతోంది.

క్యాబిన్ నా వీపుకి రెండు వేళ్ల దూరంలో ఆగింది. ఆ లివరు మీద నిన్న ఏ చెయ్యి ఉందో నాకు తెలిసిపోయింది. నేను ఎక్కడ తల పెట్టానో కూడా అప్పుడే తెలిసింది.

"అమ్మా," అన్నాను. "ఎన్నేళ్లుగా దించుతున్నారు?"

జవాబు చెప్పిన ఆ గొంతులో తొట్రుపాటు లేదు.

"కదలకండి సార్. తల ఎత్తితే ఇనుము గుచ్చుకుంటుంది." కాస్త ఆగి, "పెళ్లైన మరుసటేడు నుంచి," అంది. "షట్టరు సగం దించేవాళ్లం. నేను మెట్లు దిగొచ్చి, దించి, మళ్లీ పైకి పోయేదాన్ని. బయట జనం ఆహా ఏం చెయ్యి, ఆయన దించితే అద్దం కూడా వణకదు అనేవాళ్లు. నేను పొయ్యి దగ్గర నిలబడి వినేదాన్ని. సంతోషంగానే ఉండేది సార్. నిజం. మా ఇద్దరి గుట్టు అనుకునేదాన్ని."

"తర్వాత?"

"పోయిన వారం ఆ పికప్ ఓనరు షట్టరు కింద నుంచి దూరొచ్చాడు. నేను లివరు దగ్గరుండగా చూశాడు. బజార్లో అన్నాట్ట, తలలు తీసేది మేస్త్రీ, అతికించేది పెళ్లాం అని. నవ్వుకున్నార్ట అందరూ." ఆమె గొంతు మొదటిసారి పదునెక్కింది. "ఆయనకి తల తీసేసినట్టైంది. ఇంటికొచ్చి, ఇక నువ్వు కింద కాలు పెట్టొద్దు, నీ పని మీ తమ్ముడికి నేర్పు అన్నాడు. నాకు ఇంకేముంది సార్ ఈ ఇంట్లో? పిల్లల్లేరు. చదువు లేదు. ఈ ఒక్క చెయ్యి ఉంది. అది కూడా నాది కాదన్నాడు."

"తమ్ముడు వద్దన్నాడు కదా."

"వద్దని వాడు స్పానరు విసిరి పోయాడు. ఓనరు వచ్చే వేళైంది. అప్పుడు నన్ను పిలిచాడు. ఈ ఒక్కటీ దించిపో, ఇదే ఆఖరిది అన్నాడు. బతిమాలుతూ కూడా కాదు, కసురుతూ. వంగి చువ్వలు చూస్తున్నాడు. బుష్షు సరిచెయ్యడానికి భుజం లోపలికి పెట్టి, ఆపు అన్నాడు. వినపడింది. మళ్లీ ఆపు అన్నాడు. ఇన్నేళ్లలో ఆయన ఆపమంటే నేను ఆపకపోవడం అదొక్కసారే."

లివరు దగ్గర చిన్న చప్పుడైంది. క్యాబిన్ కదల్లేదు. ఆమె ఏడుస్తోంది.

నాకు భయమూ వేసింది, జాలీ వేసింది. ఆ రెండిటి మధ్యా నా పని గుర్తొచ్చింది. "మరి నన్నెందుకు పిలిచావమ్మా?"

"లిఫ్టు పాడైందని మీరు రాసిస్తే ఇద్దరం బయటపడేవాళ్లం. మీరేమో లిఫ్టు బాగుందని తేల్చారు."

"ఇప్పటికీ దారి ఉంది. మీ తమ్ముడు అక్కడ ఉరికి ఎదురుచూస్తున్నాడు. వాడు నోరు విప్పడం లేదు ఎందుకో తెలుసా? దించే చెయ్యి ఎవరిదో వాడికి తెలుసు. నువ్వు వచ్చి చెప్పు. నీ మొగుడు నీకు చేసిందీ చెప్పు. జడ్జీలకీ చెవులుంటాయి."

"వాణ్ణి నేనే పెంచాను సార్," అంది ఆమె. "మా అమ్మ పోయినప్పుడు వాడికి నడక కూడా సరిగ్గా రాదు. నా చంక దిగేవాడు కాదు." ముక్కు ఎగబీల్చింది. "చెప్తాను. పదండి, వచ్చి చెప్తాను."

అమ్మయ్య అనుకున్నాను. తల బయటికి తీసుకోబోతుండగా షట్టరు కింద నుంచి కానిస్టేబుల్ బూట్లు కనపడ్డాయి.

"సార్! ఎక్కడున్నారు సార్? ఇక పదండి, అయిపోయింది. వాడు ఒప్పేసుకున్నాడంట!"

"కొట్టారా?" అంది ఆమె.

"లేదమ్మా, ఒట్టు. ఎవరూ చెయ్యి వెయ్యలేదు. ఈ సార్ వచ్చి మాట్లాడి వెళ్లిన దగ్గర్నుంచీ అదోలా ఉన్నాడంట. తనే పిలిచి, లివరు నేనే నొక్కాను, ఇంకెవరూ లేరు, రాసుకోండి అన్నాడంట. సంతకం కూడా పెట్టేశాడు. ఇన్‌స్పెక్టరు గారు నవ్వుతున్నారు సార్, మీకు థాంక్స్ చెప్పమన్నారు."

నేనే చేశాను. లివరు దగ్గర ఒకరు, చువ్వల దగ్గర ఒకరు ఉండొద్దా అని నేనే అడిగాను. నేను షెడ్డుకి వస్తే ఏం చూస్తానో వాడు ముందే లెక్క కట్టుకున్నాడు. నాకన్నా ముందు చేరాలని సంతకం పెట్టాడు. గ్లాసు వణికింది తన కోసం కాదు.

"మీకు ముందే తెలుసామ్మా?" అని కానిస్టేబుల్ షట్టరు అవతల నుంచే ఆమెని జాలిగా అడిగాడు.

చెప్పు తల్లీ అనుకున్నాను. ఇప్పుడు చెప్పు. ఇంతకన్నా మంచి సమయం రాదు. ఆమె పాదాలు నాకు కనిపిస్తున్నాయి. అవి కదల్లేదు.

"తెలుసన్నా," అంది. "సొంత తమ్ముడు కదా, నోరు రాలేదు. వాడే చేశాడు."

"అయ్యో. ఈ మాట మీరు కూడా రాసివ్వాల్సి ఉంటుందమ్మా. జీపు పంపిస్తారేమో కనుక్కుంటాను." అతను ఫోను చెవికి ఆనించుకుని మళ్లీ వీధిలోకి వెళ్లాడు.

నేను నోరు తెరిచాను. క్యాబిన్ ఒక్క వేలెడు దిగింది. చొక్కా వెనక చల్లటి రేకు తగిలింది. నోరు మూశాను. కానిస్టేబుల్ మాటలు షెడ్డుకి దూరమయ్యేదాకా అది అక్కడే ఆగింది, తర్వాత ఎంత నెమ్మదిగా దిగిందో అంత నెమ్మదిగానే పైకి లేచింది.

"ఇక తల తీసుకోండి సార్. మీ మీద నాకు కోపం లేదు."

బయటికొచ్చి నిలబడ్డాను. ఆమె నన్ను చూడటం లేదు. లివరు మీద రెండు తాకుళ్లు, మూడో తాకుడు. క్యాబిన్ ఆరు బుష్షుల మీదా చప్పుడు లేకుండా కూర్చుంది. అద్దం వణకలేదు. ఆమె కొంగుతో లివరు తుడిచింది. వాడి సంతకం, ఈమె మాట, ఆ రెండిటి ముందు నేను విన్నదానికి సాక్షి లేడు.

"వాడికి ఉరి పడుతుంది!" అని అరిచాను. "నీ చంకలో పెరిగినవాడన్నావు ఇప్పుడే! నీ కోసం వాడు..."

"నా చేతి పని వాడికే ఇచ్చెయ్యమన్నాడు కదా సార్ ఆయన," అంది ఆమె, మెట్ల వైపు నడుస్తూ. "ఇచ్చేశాను."